పాత చిన్న ఇంటిని బాగుచేసి, కుటుంబానికి సరిపడా పెంచుకోవడం ఎలా

"రెండు గదుల పాత ఇల్లు. పిల్లలు ఎదుగుతున్నారు, అమ్మానాన్నలు కూడా మా దగ్గరికే వచ్చేస్తున్నారు. పక్కన ఒక గది, ఒక బాత్రూం వేసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" కొంచెం అటూఇటుగా ఇదే ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఒకచోట పెడుతున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. కొత్త గది ఎక్కడ వేయాలన్నది రెండో ప్రశ్న. పాత ఇంట్లోకి నీళ్లు ఎక్కణ్ణుంచి చేరుతున్నాయన్నది మొదటిది. పాత గోడలు ఆరకుండా, కప్పు కారడం ఆగకుండా పక్కన ఎంత చక్కటి గది కట్టినా, రెండు మూడేళ్లలో మళ్లీ మేస్త్రిని పిలవాల్సి వస్తుంది. మేమూ అలాగే చేశాం, ఆ సంగతి 6వ మెట్టులో చెబుతాను.

ఇక్కడ రాసేది ఒకే అంతస్తు ఉండి, ఇటుకతోనో రాతితోనో, మట్టి లేదా సున్నంతో కట్టిన గోడల మీద చెక్క వాసాలు, పెంకులో రేకులో ఉన్న ఇళ్ల గురించి. పైన ఇంకో అంతస్తు వేద్దామనుకుంటే ఇది సరిపోదు, అది పూర్తిగా ఇంజనీరు చేతిలో ఉండాల్సిన పని.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొలత టేపు, పెన్సిలు, ఒక గట్టి అట్ట నోట్‌బుక్
- మంచి టార్చిలైటు, మొన ఉన్న పాత స్క్రూడ్రైవరు
- దారానికి కట్టిన చిన్న బరువు (గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి)
- 10 మీటర్ల సన్నని పారదర్శక ప్లాస్టిక్ గొట్టం (నీళ్లు నింపి మట్టం చూడటానికి)
- అల్యూమినియం ఫాయిల్, వెడల్పాటి టేపు
- నాలుగైదు సన్నని గాజు ముక్కలు, కొంచెం ప్లాస్టర్ ఆఫ్ పారిస్
- దుమ్ము మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు, కాలు పూర్తిగా కప్పే చెప్పులు

మనుషుల్లో: కనీసం ఒక్కసారి వచ్చి చూసే స్ట్రక్చరల్ ఇంజనీరు, సున్నం పని తెలిసిన మేస్త్రి, వడ్రంగి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్, ప్లంబర్. ఇంజనీరు ఫీజు దండగ అనుకునేవాళ్లు చాలామంది. మొత్తం ఖర్చులో అది చాలా చిన్న ముక్క, పైగా ఆ ఒక్క రోజే మీకు ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

డబ్బు విషయం: అనుకున్న ఖర్చుకు పైన 15 నుంచి 20 శాతం విడిగా పక్కన పెట్టండి. పాత ఇంట్లో గార ఊడదీసే వరకు లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. ఆ డబ్బును టైల్స్‌కో అలమరాలకో మొదట్లోనే కేటాయించేయకండి.

1. ఒక వానాకాలం ఇంటిని చూడండి

వీలైతే ఒక వానాకాలం మొత్తం ఏమీ చేయకుండా గమనించండి. వాన జోరుగా పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగండి. చూరు నుంచి నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, గోడ మొదట్లో గుంట కడుతోందా, పక్క స్థలం నుంచి మీ వైపు పారుతోందా, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. లోపల లైట్లు ఆర్పి, పగటిపూట కప్పు వైపు చూడండి, ఎక్కడ వెలుతురు చుక్కలా కనిపిస్తే అక్కడ నీళ్లకూ దారి ఉన్నట్టే.

అంతకాలం ఆగలేమంటే ప్రత్యామ్నాయం ఉంది. ఒకరు లోపల నిలబడాలి, ఇంకొకరు బయట నిచ్చెన మీద గొట్టంతో కప్పు మీద నీళ్లు పట్టాలి. చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో భాగం పది నిమిషాలు తడిపి, మెల్లగా పైకి వెళ్లండి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు కిందకి జారి ఎక్కడో కారతాయి, అసలు రంధ్రం ఎక్కడుందో తెలియదు. దాదాపు అందరూ చేసే తప్పు ఇది.

గోడలో చెమ్మ ఉంటే అది ఎటునుంచి వస్తోందో తేల్చడానికి ఫాయిల్ పరీక్ష చేయండి. ఒకటిన్నర అడుగు చదరం ఫాయిల్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూసి, రెండు రోజులు వదిలేయండి. ఫాయిల్ వెనకవైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. ముందువైపు, అంటే గది వైపు తడి ఉంటే అది గదిలోని ఆవిరి, దానికి మందు కిటికీ తెరవడమే తప్ప గోడ తవ్వడం కాదు. ఈ తేడా తెలియక వంటగది ఆవిరికి గోడంతా ఊడగొట్టించుకున్నవాళ్లను చూశాను.

2. బీటలు గుర్తు పెట్టి వేచి చూడండి

ప్రతి బీటా ప్రమాదం కాదు. వెంట్రుకంత సన్నగా, గార మీద అల్లిబిల్లిగా ఉన్నవి గార ఎండినప్పుడు వచ్చినవి. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోయే బీటలు మాత్రం పునాదిలో కదలిక ఉందేమో అని చూడాల్సినవి. 5 మి.మీ. దాటిన బీట ఏదైనా ఇంజనీరుకు చూపించకుండా పూడ్చకండి.

బీటకు అడ్డంగా రెండు వైపులా పెన్సిలుతో గీతలు పెట్టి, వాటి మధ్య దూరం, ఆ రోజు తేదీ గోడ మీదే రాయండి. ఇంకొంచెం కచ్చితంగా కావాలంటే గాజు ముక్కను బీటకు అడ్డంగా పెట్టి, రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. గోడ కదిలితే గాజు చిట్లుతుంది. నెలకోసారి చొప్పున కనీసం మూడు నాలుగు నెలలు చూడండి. దూరం మారకపోతే అది పాత కదలిక, ఎప్పుడో ఆగిపోయింది, పూడ్చుకోవచ్చు. పెరుగుతుంటే కారణం వెతకాలి: పగిలిన మురుగు పైపు, గోడ దగ్గర పెద్ద చెట్టు, కాలవ నీళ్లు పునాదిలోకి దిగడం, ఎక్కువగా ఇవే ఉంటాయి.

గోడ పై నుంచి బరువు కట్టిన దారం వేలాడదీసి, పైన, మధ్యలో, కింద గోడకూ దారానికీ మధ్య దూరం కొలవండి. గోడ మధ్యలో ఉబ్బి ఉంటే రాసుకుని ఇంజనీరుకు చూపించండి.

3. చెక్క లోపల చూడండి

దూలాలు, వాసాలు పైకి గట్టిగానే కనిపిస్తాయి. పాడయ్యేది గోడలోకి దూరిన చివర. స్క్రూడ్రైవరు మొనతో ఆ చివర్లనే గుచ్చండి. మంచి చెక్కలో మొన దిగదు, చివికిన చెక్కలో అర అంగుళం సునాయాసంగా దిగిపోతుంది. మధ్యలో సుత్తితో తట్టి వినండి. డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తినేసి ఉండొచ్చు. గోడల మీద పెన్సిలంత లావు మట్టి దారులు పాకి ఉంటే చెదలు ఉన్నట్టే. ఆ దారులు చెరిపేసి ఊరుకుంటే లాభం లేదు, నేలలోంచి వచ్చే దారికి మందు పెట్టించాలి, దానికి తెలిసినవాళ్లను పిలవండి.

దూలం మొత్తం మార్చాలని వడ్రంగి అంటే ఒకసారి ఆలోచించండి. చివర రెండు అడుగులే పాడైతే ఆ ముక్క కోసి, మంచి చెక్కను రెండు పక్కలా జోడించి బోల్టులు వేయొచ్చు. పాత ఇళ్లలో చెక్క చాలావరకు బాగా పండిన చెట్టుది, అలాంటిది మళ్లీ కొనాలంటే దొరకడం కష్టం.

4. రెండు ప్రమాదాలు, ముట్టుకునే ముందే

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. వాటిని పగలగొట్టకండి, కోయకండి, రంధ్రాలు వేయకండి, ఊడ్చకండి. ఆ పీచు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళితే ఎన్నో ఏళ్ల తర్వాత కూడా క్యాన్సర్ తెచ్చిపెడుతుంది. తీయాలంటే ఆ పని తెలిసినవాళ్లే తడిపి, రేకు పగలకుండా ఉన్నది ఉన్నట్టు దించి, మూటకట్టి తీసుకెళ్లాలి.

రెండోది పాత తలుపులు, కిటికీల రంగు. పాత రంగుల్లో సీసం ఉండేది. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి, మంటతో కాల్చకండి. తడిపి గీకి, ఆ చెత్తను వెంటనే మూటకట్టండి. పిల్లలూ గర్భిణులూ ఆ రోజుల్లో ఇంట్లో ఉండకూడదు. ఇందులో సర్దుకుపోవడం అన్న మాటే లేదు.

5. ఎటు పెంచాలో కాగితం మీద తేల్చుకోండి

ఇంటి ప్లాను కొలతలతో గీసి, దాని మీద మీ ఇంట్లోవాళ్ల ఒక రోజును గీయండి. పొద్దున్నే లేచి ఎవరి గదిలోంచి ఎవరు నడిచి బాత్రూంకి వెళ్తారు, పిల్లలు ఎక్కడ కూర్చుని చదువుతారు, రాత్రి పెద్దవాళ్లు ఎన్ని గడపలు దాటాలి. ఇలా గీస్తే, మూడు గదులు కావాలనుకున్నవాళ్లకు ఒక గదీ ఒక తలుపు మార్పిడీ సరిపోతుందని తేలిన సందర్భాలు ఉన్నాయి.

ఇక్కడ జరిగే అతి పెద్ద తప్పు చీకటి గది. ఇంటి వెనక గోడకు ఆనించి, దాని పొడవునా కొత్త గది వేస్తారు. వెనక కిటికీలన్నీ మూసుకుపోయి, పాత గది మధ్యలో పడి పగలే లైటు వేసుకోవాల్సిన గదిగా మిగులుతుంది. గాలి ఉండదు, చెమ్మ ఆరదు, ఎవరూ అందులో కూర్చోరు. గదిని పొందారు, ఇంకో గదిని పోగొట్టుకున్నారు. దీనికి మూడు దారులున్నాయి. కొత్త గదిని ఒక పక్కకు జరిపి పాత గదికి కనీసం ఒక కిటికీ వదలడం, పాతకూ కొత్తకూ మధ్య చిన్న ఖాళీ స్థలం ఉంచి సన్నని నడవాతో కలపడం, మరీ కుదరకపోతే కప్పులో అద్దం పెంకులు పెట్టడం. నాకు నడవా పద్ధతే ఇష్టం, ఎందుకో 9, 11 మెట్లు చూస్తే తెలుస్తుంది. ఏ గదికైనా కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో పదో వంతుకు తగ్గకుండా చూసుకోండి, రెండు వేరు వేరు గోడల్లో కిటికీలుంటే గాలి ఆడుతుంది.

పెద్దవాళ్లు ఉండే ఇల్లయితే వాళ్ల గది, బాత్రూం ఒకే మట్టంలో ఉండాలి, తలుపుల్లో మనిషి దూరే ఖాళీ 90 సెం.మీ. ఉండాలి. ఇప్పుడు కాగితం మీద గీత జరిపితే పోతుంది, తర్వాతైతే గోడ పగలగొట్టాలి.

కట్టడానికి అనుమతి, హద్దు నుంచి వదలాల్సిన స్థలం, ఇవి మీ ప్రాంతపు నిబంధనల ప్రకారం రాతపూర్వకంగా తీసుకున్నాకే ఇటుక దించండి. కొత్త బాత్రూం వస్తుంది కాబట్టి ఉన్న మురుగు పైపు, సెప్టిక్ ట్యాంకు దానికి సరిపోతాయో లేదో కూడా ఇప్పుడే చూపించండి.

6. నీటిని గోడ బయటే ఆపండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మా ఇంట్లో మేము ముందు కొత్త గది కట్టించేశాం. పునాది తవ్విన మట్టిని పాత పడగ్గది గోడ వెంబడి పోశారు, తర్వాత తీసేద్దాం అన్నారు, ఎవరూ తీయలేదు, దాని మీదే గడ్డి మొలిచింది. ఏడాది తిరిగేసరికి ఆ గది లోపలి గోడ మోకాలి ఎత్తు దాకా నల్లబడి, పైన తెల్లటి ఉప్పు పొడి రాలడం మొదలైంది. చీపురుతో ఊడిస్తే రోజూ గుప్పెడు వచ్చేది. రెండుసార్లు రంగు వేయించాం, రెండుసార్లూ పొరలుగా లేచిపోయింది. చివరికి ఒక పెద్దాయన వచ్చి, గోడ లోపల చూడకుండా నేరుగా బయటికి వెళ్లి, పారతో మట్టి తవ్వి చూపించాడు: బయటి నేల లోపలి నేల కన్నా జానెడు ఎత్తులో ఉంది. రెండు రోజులు మట్టి ఎత్తిపోశాం. ఆ గోడ పూర్తిగా ఆరడానికి మాత్రం ఏడాదికి పైగా పట్టింది.

కాబట్టి చేయాల్సింది:

- బయటి నేల లోపలి నేల కన్నా కనీసం 15 సెం.మీ. కింద ఉండాలి. ఎక్కువ ఉన్న మట్టి తీసేయండి. పునాది అడుగు బయటపడేంత లోతుకు మాత్రం వెళ్లకండి.
- నేల గోడ నుంచి బయటికి వాలుగా ఉండాలి, మొదటి 3 మీటర్లలో 15 సెం.మీ. దిగాలి.
- చూరు నీళ్లు గట్టర్‌లోకి, అక్కణ్ణుంచి పైపులోకి, పైపు నీళ్లు గోడకు దూరంగా. పైపు చివర గోడ మొదట్లోనే వదిలేస్తే గట్టర్ వేసిన ఖర్చు వృథా.
- గోడ చుట్టూ సిమెంటు గచ్చు వేయాలని అందరూ చెబుతారు. గోడకు ఆనించి వేస్తే నేలలోని తడి బయటికి రాలేక గోడలోకి ఎక్కుతుంది. గోడ పక్కన ఒక అడుగు వెడల్పు కంకర పట్టీ వదిలి, ఆ తర్వాత గచ్చు వేసుకోండి.

ఎలా సరిచూడాలి: నాలుగు బకెట్ల నీళ్లు గోడ దగ్గర గబగబా పోయండి. పది నిమిషాల తర్వాత గోడ మొదట్లో నీళ్లు నిలిచి ఉంటే వాలు సరిపోలేదు.

7. కప్పు

పగిలిన పెంకులు, వాటి కింద కుళ్లిన రీపర్లు (పెంకులు ఆనే సన్న చెక్క పట్టీలు) మార్చి, వంగిన వాసాలకు జోడు వేయించండి. ఒక హెచ్చరిక: తేలిక పెంకులు తీసి బరువైనవి వేయాలన్నా, రేకులు తీసి పెంకులు వేయాలన్నా కింది చెక్కకు ఆ బరువు మోసే శక్తి ఉందో లేదో ఇంజనీరు లెక్క వేయాలి. పాత మట్టి గోడల మీద స్లాబు వేయించే ఆలోచన అసలు పెట్టుకోకండి. అంత బరువు మోయడానికి ఆ గోడలు కట్టలేదు.

8. గోడలు ఊపిరి పీల్చుకోనివ్వండి

మట్టితో, సున్నంతో కట్టిన గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే తడి లోపలే ఇరుక్కుపోతుంది. పైకి కొంతకాలం అద్దంలా ఉంటుంది. తర్వాత ఒకచోట చేత్తో తడితే డబడబమంటుంది, ఇంకొన్నాళ్లకు అట్టముక్కలా పెద్ద పలకగా ఊడి పడుతుంది, వెనకాల ఇటుక ముఖం కూడా దానికి అంటుకుని వచ్చేస్తుంది.

అందుకని డొల్ల మోగుతున్న సిమెంటు పూతను మెల్లగా తీయించండి. గట్టిగా పట్టుకుని ఉన్నచోట పెరికితే ఇటుక పోతుంది, అక్కడ వదిలేయడమే మేలు. ఇటుకల సందుల్లో రాలిపోతున్న పాత సున్నాన్ని ఒక అంగుళం లోతు వరకు గీకి, నీళ్లతో తడిపి, సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ల మిశ్రమంతో నింపాలి. గార పూతలు ఒక్కొక్కటి 10 మి.మీ. చుట్టూ ఉండాలి, గోరు గుచ్చితే దిగనంత గట్టిపడ్డాకే తర్వాతి పూత. ఎండ నేరుగా తగలకుండా తడి గోనెపట్టాలు వేలాడదీసి కొన్ని రోజులు తేమగా ఉంచండి. సున్నం తొందరగా ఎండితే పొడిపొడిగా రాలిపోతుంది. సున్నం పనికి తొందర పనికిరాదని మేస్త్రితో మొదటే మాట్లాడుకోండి, లేకపోతే రోజుకూలి లెక్కలో మూడు పూతలూ రెండు రోజుల్లో కానిచ్చేస్తారు.

రాతి సున్నాన్ని ఇంట్లో నీళ్లు పోసి ఉడికించే పని పెట్టుకోకండి, అది మరిగి చిమ్ముతుంది. నానబెట్టి సిద్ధం చేసిన సున్నమే కొనండి. ఎవరు కలిపినా కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

చెమ్మ ఉన్న మందపాటి గోడ, కారణం తీసేశాక, నెలకు సుమారు ఒక అంగుళం చొప్పున ఆరుతుందని అంచనా వేసుకోండి. ఆరే లోపు ప్లాస్టిక్ రంగులు వేయకండి. సున్నం వేయొచ్చు, అది దారి మూయదు.

9. కొత్త గది పునాది

పాత పునాది ఎంత లోతుందో ముందు ఒకచోట చిన్న గుంట తీసి చూడండి. పాత గోడ పక్కన దాని పునాది కన్నా లోతుగా ఎప్పుడూ తవ్వకూడదు, కింది మట్టి జారి పాత గోడ కూర్చుంటుంది. లోతు తప్పనిసరి అని ఇంజనీరు చెబితే ఒక్కసారిగా కాకుండా మీటరు చొప్పున తవ్వి, ఆ ముక్క కట్టాక తర్వాతి ముక్క తవ్వాలి. తెరిచిన గుంటను వానకు వదిలేయకండి.

కొత్త కట్టడం మొదటి ఏడాది రెండేళ్లలో కొంచెం కుంగుతుంది. పాతది ఎప్పుడో కుంగిపోయి స్థిరపడింది. ఈ రెంటినీ ఇటుకలు పళ్లలా ఒకదాంట్లో ఒకటి దూర్చి కట్టేస్తే కలిసే చోట పెద్ద బీట ఖాయం. రెంటి మధ్య పై నుంచి కింది దాకా నిలువునా అర అంగుళం సందు వదిలి, మెత్తటి ఫోమ్ పట్టీ పెట్టి, బయట సాగే సీలెంట్‌తో మూయండి. "సందు వదిలితే ఇల్లు విడిపోయినట్టుంటుంది" అని మేస్త్రి అభ్యంతరం చెప్పొచ్చు. లోపల ఒక చెక్క పట్టీ కొడితే ఆ సందు కనబడదు. 5వ మెట్టులో చెప్పిన నడవా పద్ధతి అయితే బరువైన కొత్త గది పునాది పాత గోడకు దూరంగా పడుతుంది, సగం టెన్షన్ తగ్గుతుంది.

కొత్త గది నేల మట్టం పాతదానితో కలవాలంటే గొట్టంలో నీళ్లు నింపి, ఒక చివర పాత గదిలోని గుర్తు దగ్గర, రెండో చివర కొత్త గోడ దగ్గర పట్టుకోండి. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా మట్టం తప్పుతుంది. చూసిన తర్వాత చివరలు తారుమారు చేసి మళ్లీ చూడండి, రెండుసార్లూ ఒకే గుర్తు రావాలి. కాంక్రీటుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి.

10. పాత గోడలో దారి తీయడం

అన్నిటికన్నా తేలిక మార్గం ఉన్న కిటికీని తలుపు చేయడం. పైన దూలమో, రాయో, కమానో ఇప్పటికే ఉంది, అది గట్టిగా ఉందని తేలితే కింద గోడ కోస్తే సరిపోతుంది. కిటికీ వెడల్పు పెంచకండి, పెంచితే అది కొత్త దారి కిందే లెక్క.

కొత్తగా దారి తీయాలంటే ఇంజనీరు గీసిచ్చిన కాగితం లేకుండా సుత్తి ఎత్తనివ్వకండి. గోడ మూలకు కనీసం రెండు అడుగులు వదలాలి. పైన కప్పుకు ముందు సపోర్టు పెట్టాలి. ఆ తర్వాత గోడలో అడ్డంగా రంధ్రాలు చేసి దిమ్మెలు దూర్చి, రెండు వైపులా జాకీలు బిగించాలి. జాకీల కింద గట్టి పలక ఉండాలి, వట్టి నేల మీద పెడితే దిగిపోతాయి. కొత్త దూలం రెండు చివరలూ గోడ మీద కనీసం 15 సెం.మీ. ఆనాలి. మట్టితో కట్టిన గోడలైతే ఇంకా ఎక్కువ, కింద రాయి లేదా కాంక్రీటు దిమ్మతో. కాంక్రీటు దూలం అక్కడే పోస్తే 14 రోజుల లోపు కింద జాకీలు తీయకండి. "గట్టిపడిపోయింది, తీసేద్దాం" అని నాలుగో రోజే అంటారు. ఒప్పుకోవద్దు.

11. రెండు కప్పులు కలిసే చోటు

కారడం మొదలయ్యేది ఇక్కడే. కొత్త కప్పు పాత చూరు కన్నా కింద ఉండి, పాత ఇంటి నుంచి బయటి వైపుకు వాలాలి. కొత్త కప్పు పాత గోడను తాకే చోట ఫ్లాషింగ్ రేకు (సందులోకి నీళ్లు దిగకుండా వంచి పెట్టే రేకు) గోడ మీదికి 15 సెం.మీ. ఎక్కి, దాని పై అంచు గోడ సందులోకి దూరాలి. కేవలం సిమెంటు పూసి వదిలేస్తే మొదటి ఎండాకాలానికే పగులుతుంది.

రెండు కప్పులూ ఒకదాని వైపు ఒకటి వాలి, మధ్యలో కాలవ వచ్చేలా మాత్రం కట్టకండి. ఆకులు పడి మూసుకుపోతే నీళ్లు నేరుగా ఇంట్లోకే. నడవా ఉంటే దాని మీది కప్పు తక్కువ ఎత్తులో ఉండి ఈ ఇబ్బందే రాదు. అది చదును కప్పయితే మీటరుకు ఒక సెంటీమీటరు అయినా వాలు ఇవ్వండి.

12. కరెంటు, పైపులు

గుడ్డ చుట్టిన లేదా రబ్బరు పొర పెళుసుబారిన పాత వైర్లు కనిపిస్తే అతుకులు వేయకుండా మొత్తం మార్పించండి. ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. వంటగది, గీజరు, ఏసీలకు విడివిడి సర్క్యూట్లు. సరిచూడటానికి ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కండి, వెంటనే కరెంటు పోవాలి. ఎర్తింగ్ విలువ మాత్రం ఎలక్ట్రీషియన్ మీటరుతో కొలిచి చూపించాలి, మాట చాలదు.

కొత్త బాత్రూం వీలైనంత పాత వంటగదికో బాత్రూంకో ఆనుకుని వస్తే పైపులు పొట్టిగా ఉంటాయి. మరుగుదొడ్డి పైపుకు మీటరుకు 2 సెం.మీ. చుట్టూ వాలు, వంపు తిరిగే ప్రతిచోటా మూత తీసి చూసుకునే చాంబరు.

గార పూసే ముందు నీళ్ల పైపులన్నీ నింపి ప్రెషర్ పంపుతో ఒక రోజు పరీక్షించండి, ముల్లు పడిపోకూడదు. తర్వాత ప్రతి గోడకూ ఫోటో తీయండి, ఫోటోలో కొలత టేపు నేల నుంచి పైకి పట్టుకుని ఉండాలి. రేపు అలమరా బిగించేటప్పుడు పైపు ఎక్కడుందో ఆ ఫోటోనే చెబుతుంది.

13. నేల, బాత్రూం, రంగు

పాత గదుల్లో మట్టి నేల తీసి ప్లాస్టిక్ పట్టా మీద కాంక్రీటు వేస్తే నేల పొడిగా ఉంటుంది, కానీ ఆ తడి పక్కలకు వెళ్లి గోడలెక్కుతుంది. సున్నపు కాంక్రీటు దీనికి మంచిది, దొరక్కపోతే బయట కంకర పట్టీ మాత్రం తప్పకుండా ఉండాలి.

బాత్రూంలో టైల్స్‌కు ముందు వాటర్‌ప్రూఫింగ్ నేల మొత్తం, గోడల మీదికి కనీసం ఒక అడుగు, షవరు దగ్గర మనిషి ఎత్తు. డ్రెయిన్ మూసి, రెండు అంగుళాల నీళ్లు నింపి, మట్టం గోడ మీద గీసి, 24 గంటలు వదలండి. గీత దగ్గర నీళ్లు అలాగే ఉండి, పక్క గది గోడ పొడిగా ఉంటేనే టైల్స్ మొదలుపెట్టనివ్వండి. మేస్త్రికి ఒక రోజు కూలి పోతుందని మొహమాటపడి ఈ పరీక్ష వదిలేయకండి.

డబ్బు సరిపోకపోతే, పని జరుగుతుండగా అక్కడే ఉండాల్సి వస్తే

వరస ఇదీ: నేల వాలు, కప్పు, కరెంటు, గోడలు. ఈ నాలుగూ అయ్యాక ఆగిపోయినా ఇల్లు పాడవదు, కొత్త గది వచ్చే ఏడాది కట్టుకోవచ్చు. తలకిందులుగా చేస్తే రెండూ పోతాయి. కొత్త గదిని ఒకేసారి పూర్తి చేయలేకపోతే పునాది, గోడలు, కప్పు వేసి లోపలి పని తర్వాతకు వదలండి. గోడలు లేచి కప్పు లేకుండా వానలోకి మాత్రం వెళ్లకండి.

అక్కడే ఉంటూ చేయించుకునేవాళ్లు ఒక గదిని చివరి దాకా ముట్టుకోకుండా ఉంచి, దాని తలుపుకు ప్లాస్టిక్ పరదా కట్టండి. పాత బాత్రూం కొత్తది పనిచేసే వరకు పగలగొట్టనివ్వకండి.

14. చివరగా చూడాల్సినవి

మేస్త్రికి చివరి వాయిదా కొంత మొదటి పెద్ద వాన వరకు ఆపి ఉంచుకోండి, ఈ సంగతి పని మొదలు కాకముందే మాట్లాడుకోవాలి. ఆ వాన పడ్డ రోజు కప్పులు కలిసే చోటు, కొత్త దారి పై దూలం, ఫ్లాషింగ్, గోడ మొదళ్లు టార్చితో చూడండి. పాత బీటల గుర్తులు మళ్లీ కొలవండి. తలుపులు పట్టేస్తున్నాయేమో చూడండి. అంతకు ముందు తేలిగ్గా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తుంటే చిత్రిక పట్టించే ముందు పై దూలం వంగిందేమో కొలిపించండి. ఆరు నెలలకు చెమ్మ గోడ మీద ఫాయిల్ పరీక్ష ఇంకోసారి చేయండి.

కొలతలు, తేదీలు, పైపుల ఫోటోల ప్రింట్లు, ఇంజనీరు కాగితాలు అన్నీ ఆ నోట్‌బుక్‌లోనే అంటించి, మెయిన్ స్విచ్ పెట్టె పక్కన ఒక సంచిలో వేలాడదీయండి. తర్వాత వచ్చే ప్లంబర్ ముందు అడిగేది అదే.